గెడ్డ తూము దగ్గర: మా ఊరి వరద పనుల డైరీ

మే 6

మా ఊరు వంశధార ఎడమ గట్టున, జలుమూరు మండలంలో ఉంది. శ్రీముఖలింగం గుడికి శివరాత్రికి నడిచే వెళ్తాం. నదిని మేం పేరు పెట్టి పిలవం, 'ఏరు' అంటాం. 'ఏరొచ్చింది' అంటే వరదొచ్చిందని అర్థం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. మా ఊరికి గాలి చేసిన నష్టం కంటే, తర్వాత వచ్చిన నీరు చేసిన నష్టం ఎక్కువ. వంశధార పరివాహక ప్రాంతంలో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. అక్కడి కొండల మీద కురిసింది మా దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ వాన వెలిసిపోయి ఉంటుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నాక ఏరొస్తుంది.

అప్పుడు నేను విశాఖలో సైటు సూపర్‌వైజరుగా ఉన్నాను. డిప్లొమా సివిల్ చదివాను. ఊరికి తిరిగొచ్చి రెండేళ్ళయింది. మొన్న గ్రామసభలో సర్పంచ్ గారు "నువ్వు చదువుకున్నోడివి, మనూరికి వరద ప్లాను ఒకటి రాయి" అన్నారు. సరేనన్నాను. ఏ రోజు పని ఆ రోజే రాసుకుంటే తప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఈ డైరీ.

ఈరోజు పని వరద గుర్తులు వెతకడం. ఏటి వైపు వీధి నుంచి మొదలుపెట్టాను. గట్టు మీంచి నీరు పొర్లి ఉంటుందని నా అంచనా. వెనక వీధిలో మా పెద్దమ్మ నన్ను ఆపింది.

"నువ్వు ఏటి ఒంక సూత్తన్నావు బాబూ. నీరు ఆ ఒంకనించి రానేదు. గెడ్డ ఒంకనించి ఎక్కినాది."

గెడ్డ అంటే ఊరి వెనక నుంచి వచ్చే వాగు. పెద్దమ్మ ఇంట్లోకి తీసుకెళ్ళి నడింట్లో గోడకున్న ఒక మేకు చూపించింది. తుప్పు పట్టిన రెండంగుళాల మేకు. దేవుడి పటానికి చాలా కిందగా, నా మోకాలికి కొంచెం పైన ఉంది. నీరు దిగిన రోజున బురద గీత ఎక్కడుందో అక్కడ కొట్టించిందట. తర్వాత రెండుసార్లు సున్నం వేసినా మేకు తీయనివ్వలేదు. సున్నం పొరలు ఆ మేకు చుట్టూ చిన్న దిబ్బలా పేరుకున్నాయి. ఊరంతా తిరిగితే ఇంత నమ్మకమైన గుర్తు ఇంకోటి దొరకలేదు.

మే 11

మట్టాలు తీయడానికి లెవెల్ మిషను అద్దెకి తెద్దామనుకున్నాను. మా తాపీమేస్త్రి మామ నవ్వి తన నీళ్ళ ట్యూబు తెచ్చాడు. 20 మీటర్ల పారదర్శకమైన గొట్టం, అంతే. నిండా నీళ్ళు పోసి రెండు కొసలు ఎత్తి పట్టుకుంటే రెండు వైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఊళ్ళో ఇళ్ళన్నీ దాంతోనే కట్టారు.

బడి వరండా గచ్చుని 10.00 మీటర్లు అనుకుని, అక్కడి నుంచి ఊరంతా లెక్కపెడుతున్నాం. సముద్ర మట్టంతో ఇప్పుడు మాకు పని లేదు. ఊళ్ళో ఏది ఎత్తు, ఏది పల్లం అన్నది తెలిస్తే చాలు.

మే 13

రెండు రోజుల పని పోయింది. సాయంత్రం లెక్క సరిచూసుకుందామని బయలుదేరిన చోటికే తిరిగొస్తే 19 సెంటీమీటర్ల తేడా వచ్చింది. ట్యూబుని ఎండకి ఎత్తి చూస్తే మధ్యలో గాలి బుడగ, పెసరగింజంత పొడవున సాగి కూర్చుంది. చిన్నదే కదా అనిపిస్తుంది కానీ గొట్టం నిండా అడ్డం పడితే రెండు కొసల్లో నీరు ఒకే మట్టంలో నిలవదు, ప్రతి మజిలీలో మట్టం కొంచెం అబద్ధం చెబుతుంది. మధ్యాహ్నం ఎండకి నీరు వేడెక్కి బుడగలు లేచాయి.

ఇకనుంచి తెల్లవారి ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకే పని. ప్రతి మజిలీకీ ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడాలి. ఈ పని ఎవరైనా చేయబోతుంటే ఈ ఒక్క ముక్క మరిచిపోవద్దు.

మే 18

మళ్ళీ చేశాం. ఈసారి తేడా సెంటీమీటరున్నర. పర్వాలేదు.

గట్టు పైభాగం 12.05. ఏటి ఒడ్డున పాత పంపుహౌసు గోడ మీద తిత్లీ నాటి నీటి గీత 11.45. అంటే ఏరు గట్టు దాటలేదు, రెండడుగులు కిందే ఉండిపోయింది. పెద్దమ్మ మేకు 10.38. ఊరి లోపల నీరు ఏటి కంటే మీటరు పైచిలుకు కిందున్నా, వెనక వీధిలో మోకాలి లోతు ముంచింది. పెద్దమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

రాత్రి నిద్ర పట్టకుండా చేసిన అంకె ఇంకొకటి ఉంది. మండలం కాగితాల్లో మా ఊరి పునరావాస కేంద్రం మా బడే. దాని గచ్చు 10.00. మేకు 10.38. జనాన్ని నీళ్ళలోంచి తీసి నీళ్ళలోనే పెట్టే ఏర్పాటు అది. ఆ రాత్రి పిల్లల్ని బెంచీల మీద నిలబెట్టామని మా పెదనాన్న చెబితే, ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను.

కల్యాణమండపం గచ్చు 11.90. తిత్లీ నాటి నీటికి గట్టు తెగినా అది మునగదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, లెట్రిన్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలి.

మే 22

గెడ్డ గురించి తెలియనివాళ్ళకి: ఊరికి ఎగువన ఆరెకరాల చెరువుంది. చెరువు పొర్లిన నీరు, పొలాల నీరు గెడ్డలో పడి ఊరి వెనక నుంచి వచ్చి, పంచాయతీ రోడ్డు కింద కల్వర్టు దాటి, గట్టు అడుగున తూములోంచి ఏట్లో కలుస్తుంది. ఆ తూము ఏటి వైపు నోటికి ఇనుప ఫ్లాప్ షట్టరు వేలాడుతుంది. ఊరి నీరు నెడితే తెరుచుకోవాలి, ఏరు పెరిగి బయటి నుంచి నెడితే మూసుకోవాలి. మోటారు లేదు, మనిషి అక్కర్లేదు. మంచి ఏర్పాటు.

ఈరోజు దాన్ని చూశాం. మొద్దు ఒకటి అడ్డంపడి షట్టరు మూరెడు తెరుచుకుని ఉంది. కీళ్ళు తుప్పు పట్టి ఒకే ముద్దయిపోయాయి. నలుగురం గునపాలు పెట్టి లేపినా కదల్లేదు. ఆ సందులోంచే తిత్లీ రోజున ఏరు లోపలికి ఎగదన్నింది. ఊరి మీద పడ్డ వాన బయటికి పోలేదు, బయటి నీరు లోపలికి వచ్చింది. కోట్ల ఖర్చుతో కట్టిన గట్టు చెక్కుచెదరకుండా నిలబడింది, దాని కింద మూరెడు సందు ఊరిని ముంచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మాతో వచ్చిన రిటైరైన లస్కరు (గట్లు, తూములు చూసుకునే ఉద్యోగి) తాత అన్నాడు: "మా రోజుల్లో మృగశిర కార్తెకి ముందు దీనికి గ్రీజు పెట్టీవోళ్ళం. తరవాత పోస్టూ నేదు, గ్రీజూ నేదు."

మే 29

లెక్కల రోజు. కాస్త ఓపిగ్గా రాస్తాను. ఊరి వాళ్ళకి ఇదే చెప్పాలి.

గెడ్డలోకి నీరొచ్చే నేల సుమారు 1.2 చదరపు కిలోమీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం నేలలో ఇంకి, సగం పారిందనుకుంటే సెకనుకి 8 ఘనపు మీటర్లకి పైగా నీరు వస్తుంది. రోడ్డు కింద కల్వర్టులో ఉన్నవి 900 మిల్లీమీటర్ల తూములు రెండు. అవి పూడిక లేకుండా నిండుగా పారితే రెండున్నర ఘనపు మీటర్లు పోతాయి. మిగతాది రోడ్డుకి ఇవతల ఆగి వెనక వీధిలోకి ఎక్కుతుంది. షట్టరు బాగుచేస్తే సగం జబ్బే తగ్గుతుంది. రెండో సగం ఈ కల్వర్టు.

ఎంత వానకి సిద్ధపడాలి అన్నది అసలు ప్రశ్న. వాతావరణ శాఖ లెక్కలో రోజుకి 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పాత రికార్డులో పెద్ద వానని పట్టుకుని దానికి కట్టుకుంటే సరిపోయే కాలం పోయింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని మోయగలదు. పారిశ్రామిక విప్లవం ముందునాటితో పోలిస్తే భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. మోసిన తేమని మేఘం ఎక్కడో ఒకచోట దించుతుంది. ముసురు పట్టి మూడు రోజులు పడాల్సింది మూడు గంటల్లో పడితే, మొత్తం వాన పెరగకపోయినా కల్వర్టు చాలదు. మా పెద్దలు 'వాన తీరు మారింది' అంటున్నది దీని గురించే.

అందుకని తిత్లీ నాటి నీటికి 20 శాతం కలిపి లెక్క కట్టాను. 20 అన్నది శాస్త్రం చెప్పిన అంకె కాదు, నా నిర్ణయం. తక్కువైతే ఊరు మునుగుతుంది, మరీ ఎక్కువైతే ఖర్చు చూసి ఎవరూ కట్టరు.

'నూరేళ్ళ వరద' అనే మాట కూడా సభలో విప్పి చెప్పాలి. ఒకసారి వస్తే మళ్ళీ నూరేళ్ళ దాకా రాదని అందరూ అనుకుంటారు. ప్రతి ఏడాదీ నూటికి ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. ముప్పై ఏళ్ళు అప్పు కట్టుకునే ఇంటికి, ఆ ముప్పై ఏళ్ళలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. పైగా ఆ నూటికి ఒకటి అన్నది పాత వానల లెక్క. వానలు మారుతుంటే ఆ లెక్కా మారుతుంది.

జూన్ 3

గ్రామసభ. వేడిగా జరిగింది. కుర్రాళ్ళంతా గట్టు మీటరు ఎత్తు పెంచమన్నారు. నేను వద్దన్నాను. మట్టాల కాగితం గోడకి అంటించి, తిత్లీలో గట్టు మీద నీరు పొర్లలేదని చూపించాను. ఎత్తు పెంచాలంటే అడుగున వెడల్పూ పెంచాలి, పొలాలు పోతాయి. మనం ఎత్తు పెంచితే ఆ నీరు అవతలి ఒడ్డు ఊళ్ళ మీదకి పోతుంది. అక్కడున్నదీ మన చుట్టాలే, సగం ఊరు అక్కడ పిల్లనిచ్చింది.

గట్టుకి కావాల్సింది కాపలా. ఎలుక బొరియలు, చెదపుట్టలు, తుమ్మ వేళ్ళు కుళ్ళి పోయిన కన్నాలు నిన్న ఎనిమిది లెక్కపెట్టాం. తెగేది అలాంటి చోటే. లస్కరు తాత లేచి ఊటల గురించి చెప్పాడు. ఏరు నిండుగా ఉన్నప్పుడు గట్టుకి ఊరివైపు పాదం దగ్గర నీరు బుగ్గలా ఉబికితే కంగారుపడి దాన్ని మట్టితో మూయకూడదట. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేర్చి లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. పెరిగిన కొద్దీ ఊట జోరు తగ్గుతుంది. తేట నీరు వస్తే చూస్తూ ఉండాలి. బురద నీరు, ఇసుక వస్తుంటే గట్టు లోపల కరుగుతోందని లెక్క, ఆ క్షణమే ఊరు ఖాళీ చేయాలి. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఊళ్ళో ఒక్కరికే తెలుసు. ఇప్పుడు ఇరవై మందికి తెలుసు.

జూన్ 9

షట్టరు బాగుచేయించమని ఒక ఆఫీసుకి ఇది మూడోసారి వెళ్ళడం. "ఇది మా పరిధిలోది కాదు" అని ఇంకో ఆఫీసుకి పంపారు. అక్కడివాళ్ళు మొదటి ఆఫీసు పేరే చెప్పారు. చివరికి ఒక యువ ఇంజినీరు మా మట్టాల కాగితం చూసి, సొంతంగా వచ్చి తూము చూసి, మా ఖర్చుతో కీళ్ళు మార్చుకోవడానికి అనుమతి ఇప్పించారు. ఆ అంకెలు లేకపోతే రాకపోదురు అనిపించింది.

జూన్ 16–27

ఉపాధి హామీ పనిలో గెడ్డ పూడికతీత. నలభై మంది, ఎక్కువ మంది ఆడవాళ్ళే. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, పాత పరుపు ఒకటి. మొదటి మూడు రోజులు తీసిన మట్టి గెడ్డ అంచునే పోశాం. పంతొమ్మిదిన ఒక్క జల్లు పడేసరికి అందులో చాలా భాగం మళ్ళీ గెడ్డలోకే జారింది. పని చేయించే మేట్ అక్క ముఖం చూడలేకపోయాను, అంచున పొయ్యమన్నది నేనే. తర్వాత నుంచి మూడు మీటర్ల దూరంలో పోసి తొక్కించాం.

జూలై 4

షట్టరు కదిలింది! వెల్డరు కొత్త కీళ్ళు వేశాడు, చుట్టూ రబ్బరు పట్టీ బిగించాడు. తూముకి లోపలి వైపు ఇనుప జాలీ పెట్టాం, మొద్దులు రాకుండా. రెండు వేళ్ళతో నెడితే తెరుచుకుని, వదిలితే 'టప్' మని మూసుకుంటోంది. పిల్లలు వంతులు వేసుకుని నెట్టారు.

జూలై 21

నారు పోసేవాళ్ళు వరద తట్టుకునే రకం అడుగుతున్నారు. స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా మునకని ఓర్చుకుంటుంది, కానీ పిలకల దశలోనే. మాకు పెద్ద వరదలు అక్టోబరులో, చేను ఈనే వేళకి వస్తాయి. అప్పుడు ఆ గుణం అక్కరకు రాదు. జూలై, ఆగస్టు నీటికి పల్లపు మడుల్లో వేసుకోవచ్చని మాత్రమే చెప్పాను.

ఆగస్టు 8

షట్టరు మూసుకుంటే లోపలి వాన ఎక్కడికి పోవాలి? ఇన్నాళ్ళూ ఇది తప్పించుకు తిరిగాను, ఈరోజు కూర్చున్నాను.

ఊళ్ళో మూడు ఆయిలింజన్లు ఉన్నాయి. మూడూ కలిసి సెకనుకి నూరు లీటర్లు గట్టు దాటిస్తాయనుకుందాం. ఒక్క సెంటీమీటరు వాన పడితే, సగం ఇంకినా, గెడ్డలోకి 6 వేల ఘనపు మీటర్లు వస్తాయి. దాన్ని తోడడానికి ఇంజన్లు ఆపకుండా నడిస్తే పదిహేడు గంటలు పడుతుంది. పది సెంటీమీటర్ల వానకి లెక్క చెప్పక్కర్లేదు. ఇంజన్ల మీద ఆధారపడితే మునిగినట్టే.

దారి చెరువే. తుఫాను రాకముందే మదుం (చెరువు తూము) తెరిచి ఆరెకరాల చెరువుని రెండడుగులు దించితే దాదాపు పదిహేను వేల ఘనపు మీటర్ల చోటు దొరుకుతుంది. అంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల వాన చెరువులోనే ఆగుతుంది. చెరువు గట్టుకి గండి పడే భయమూ తగ్గుతుంది.

ఆగస్టు 12

ఆయకట్టు రైతులు ఒప్పుకోలేదు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. అక్టోబరులో చేను పొట్ట మీద ఉంటుంది. మనం చెరువు దించేశాక తుఫాను ఒడిశా వైపు తిరిగిపోయి ఇక్కడ చినుకు పడకపోతే? అలా తిరిగిపోవడం మేం చాలాసార్లు చూశాం. మా చిన్నాన్నే అందరికంటే గట్టిగా ఎదురు మాట్లాడాడు. "నీ ఇల్లు మెరక మీదుంది, నా చేను చెరువు కిందుంది. నష్టం ఎవరికి?" అన్నాడు.

మూడు రాత్రులు మాట్లాడుకున్నాక రాజీ కుదిరింది. ఆరెంజ్ హెచ్చరిక వస్తే ఒక అడుగు, రెడ్ వస్తే రెండో అడుగు. వాన రాకపోతే, మదుం కింద చివరి మడులకి ఇంజన్లతో ఏటి నీరు తోడిపెట్టాలి, డీజిలు ఖర్చు ఊరందరిదీ. కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. ఈ ప్లాను మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ కాగితం.

ఆగస్టు 30

పంపుహౌసు గోడ మీద స్కేలు రాశాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఏరు పసుపుకి వస్తే మైకులో చెప్పడం, ఎరుపుకి ముందే వెనక వీధి ఖాళీ చేయడం. ఎగువన వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో, ఆ నీటికి మా స్కేలు మీద ఎంత పెరిగిందో, ఎన్ని గంటలకి పెరిగిందో టీచరమ్మ నోటుబుక్కులో రాస్తున్నారు. ఇంకో రెండు మూడేళ్ళ అంకెలు పోగైతే, బ్యారేజీ అంకె వినగానే మా వీధిలో ఎంత నీరుంటుందో చెప్పగలం.

సెప్టెంబరు 14

ఖాళీ చేసే రిహార్సలు. వెనక వీధి 61 ఇళ్ళు. 47 నిమిషాలు పట్టింది. మంచం పట్టిన తాతని మోయడానికి నలుగురు కావాలనుకున్నాం. సందు మలుపులో మంచం తిరగలేదు, దుప్పటి ఉయ్యాలలో మోశారు. పశువుల తాళ్ళు ముందే విప్పాలని రాసుకున్నాం. మండపం తాళంచెవులు మూడు చేయించి మూడు ఇళ్ళలో పెట్టాం.

అక్టోబరు 5

మొన్న అల్పపీడనం వాయుగుండమైంది. ఆరెంజ్ హెచ్చరిక. చిన్నాన్నే వెళ్ళి మదుం తెరిచాడు.

బడి మీద పెట్టిన వానకొలత గిన్నెలో ఒక రోజులో 118 మిల్లీమీటర్లు. తెల్లారి నాలుగింటికి టార్చి పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళాం. ఏరు 10.60 దగ్గరుంది. షట్టరు అంచు నుంచి సన్నగా చిమ్ముతోంది తప్ప మూసుకునే ఉంది. చెయ్యి ఆనిస్తే ఏరు అవతలి నుంచి నెడుతున్నట్టు ఇనుము సన్నగా వణుకుతోంది. లోపల గెడ్డ కూడా పెరుగుతూనే ఉంది. కల్వర్టు దగ్గర నీరు రోడ్డు అంచుకి వచ్చింది. మూడు ఇంజన్లూ రాత్రంతా నడిచాయి, ఒకటి తెల్లారి మొరాయించింది. వెనక వీధిలో అందరికంటే పల్లంలో ఉన్న రెండు ఇళ్ళలోకి చీలమండ లోతు నీరు వెళ్ళింది. వాళ్ళని ముందే మండపానికి చేర్చాం.

ఉదయం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. నీరు ఆమె వీధి అరుగు రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది. లోపలికి వెళ్ళి ఒక మేకు, సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీనికీ ఒకటి కొట్టు" అంది. అరుగు స్తంభానికి బురద గీత మీద కొట్టాను. ట్యూబు పెట్టి చూస్తే 9.52.

ఇంకా మిగిలినవి: కల్వర్టులో తూముల బదులు పెద్ద పెట్టె కల్వర్టు. ప్రతిపాదన ఇచ్చాం, జవాబు రాలేదు. ఈ అంకెలు జతచేసి మళ్ళీ ఇవ్వాలి. మొరాయించిన ఇంజనుకి ఫుట్‌వాల్వు మార్చాలి. చెరువు మళ్ళీ నిండింది, మదుం మూయాలి. షట్టరు కీళ్ళకి గ్రీజు.